దోస్తానా, జామీను: సామెతలు 17లో పక్కపక్కనే ఉన్న రెండు వచనాలు

మా ఇంట్లో టీవీ పైన గోడకు ఒక ఫ్రేము ఉండేది. క్రిస్మస్ ముందు నల్లగొండలో చర్చిల దగ్గర అమ్మే రకం, నీలం వెల్వెట్ మీద బంగారు అక్షరాలు. "నిజమైన స్నేహితుడు విడువక ప్రేమించును, దుర్దశలో అట్టివాడు సహోదరుడుగా నుండును." బైబిల్‌లోని సామెతలు 17:17. నాయినకు ఆ మాటంటే ప్రాణం. ఆ ఫ్రేము కిందనే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చిన్ననాటి దోస్తు చిట్టీకి ష్యూరిటీ సంతకం పెట్టాడు.

ఆ సాయంత్రం నాకు బాగా గుర్తు. మామ ఒక ఫైలు పట్టుకొని వచ్చాడు. నాయిన దోస్తును మేము మామ అనే పిలిచేవాళ్లం. సంతకం పెట్టాల్సిన చోటల్లా పెన్సిల్‌తో ముందే గుర్తులు పెట్టి ఉన్నాయి. నాయిన కళ్లద్దాల కోసం అటూ ఇటూ తడుముకున్నాడు. లోపలి గదిలో ఉన్నాయి, తెస్తానని నేను లేచాను. "అద్దాలెందుకు బిడ్డా, ఏడ పెట్టాల్నో మీ మామ చెప్తడు గద" అన్నాడు. ఐదు చోట్ల పెట్టాడు. ఐదుసార్లూ మామ వేలు ఎక్కడుంటే అక్కడ పెన్ను పెట్టాడు.

5 లక్షల చిట్టీ, 50 నెలలు. మామ పాట పాడి డబ్బు ఎత్తుకున్నాక ఏడాది పాటు కట్టాడు, తర్వాత ఆపేశాడు. ఊరు మారాడు, ఫోన్ నంబరూ మారింది. నోటీసు మాత్రం నాయిన పనిచేసే స్కూలుకే వచ్చింది. స్టాఫ్ రూములో అందరి ముందు సంతకం చేసి తీసుకున్నాడట. కోర్టు ద్వారా జీతంలో కోత మొదలైంది. అక్క కాలేజీ ఫీజు కట్టాల్సిన సంవత్సరం అది. అమ్మ మెడలో పుస్తెలతాడు పోయి పసుపుతాడు వచ్చింది.

అమ్మ గొడవ పడలేదు. ఒక రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక బైబిల్ తెరిచి నాయిన ముందు పెట్టింది. ఫ్రేములో ఉన్న వచనానికి సరిగ్గా కింది వచనం మీద వేలు పెట్టింది. "తెలివిమాలినవాడు తన పొరుగువానికి జామీను ఉండి పూటపడును." సామెతలు 17:18.

ఇన్నేళ్లూ నేను స్నేహం గురించి బైబిల్‌లో చదివిందంతా అమ్మ వేలు ఆనిన ఆ చోటు నుంచి మొదలైందే. విడువక ప్రేమించమన్న వెంటనే, ఊపిరి తీసుకునే సందు కూడా ఇవ్వకుండా, జామీను ఉండేవాడు తెలివిమాలినవాడు అంటుంది ఆ గ్రంథం. రెండూ ఎట్లా కుదురుతాయి?

తప్పించుకోవడానికి ఒక సులువైన దారి కనిపిస్తుంది. మొదటిది స్నేహితుడి గురించి, రెండోది ఎవరో పొరుగువాడి గురించి అని అనుకోవచ్చు. మన తెలుగు బైబిల్ రెండు వేర్వేరు మాటలు వాడింది కాబట్టి అట్లా అనిపించడం సహజం. కానీ హీబ్రూలో రెండు చోట్లా ఉన్నది ఒకటే మాట, రేయ. దోస్తు, పొరుగువాడు, తోటివాడు అన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడిపోతాయి. మన దగ్గర సోపతి అనే మాట ఉంది చూడండి, ప్రాణానికి ప్రాణమైనవాడూ సోపతే, దారిలో కలిసి నడిచినవాడూ సోపతే. కొంచెం అట్లాంటిదన్నమాట. "నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను" అని లేవీయకాండం 19:18లో చెప్పిన చోట ఉన్నదీ అదే మాట. కాబట్టి దోస్తుకైతే సంతకం పెట్టొచ్చు, పక్కింటాయనకైతే వద్దు అని ఈ రెండు వచనాలను విడదీయడానికి వీల్లేదు.

ముందు జామీను సంగతి చూద్దాం, ఎందుకంటే చర్చిలో దీని మీద ప్రసంగాలు తక్కువ. సామెతల గ్రంథం దీన్ని ఒకటి రెండు సార్లు కాదు, 6, 11, 17, 20, 22, 27 అధ్యాయాల్లో మళ్లీ మళ్లీ ఎత్తుతుంది. ఆ రోజుల్లో కాగితం లేదు, ఒకడి అప్పుకు ఇంకొకడు చేతిలో చెయ్యి వేసేవాడు. అదే సంతకం. అప్పు తీసుకున్నవాడు ఎగ్గొడితే చెయ్యి వేసినవాడి ఇంటికి వచ్చేవాళ్లు. చెల్లించడానికి ఏమీ లేకపోతే నీ కింది పరుపు కూడా లాక్కుపోతారు కదా అని 22:27 అడుగుతుంది. 6వ అధ్యాయం ఇంకా గట్టిది. ఇప్పటికే మాట ఇచ్చి ఇరుక్కున్నావా, అయితే నిద్రపోకు, వెంటనే పో, నీ చెలికాణ్ని బతిమాలు, వేటగాడి చేతిలో నుంచి లేడి తప్పించుకున్నట్టు తప్పించుకో అంటుంది.

ఇప్పటి చట్టం కూడా అంత నిక్కచ్చిగానే ఉంది. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో జామీను ఉన్నవాడికీ అంతే బాధ్యత. "ముందు వాణ్ని పట్టుకోండి, వాడు ఇవ్వకపోతే నా దగ్గరికి రండి" అనే హక్కు మామూలుగా ఉండదు. చిట్టీ పాడుకున్నవాళ్లకు గవర్నమెంటు ఉద్యోగి ష్యూరిటీ అయితే బాగుంటుందని కంపెనీలు ఎందుకు అడుగుతాయో ఇప్పుడు అర్థమవుతుంది కదా. జీతం ఎక్కడికీ పారిపోదు. నాయిన అనుకున్నది ఒకటే, "నేను సంతకం పెడుతున్నా, అప్పు వాడిది." నిజానికి ఆ ఐదు సంతకాలతో అది ఆయన అప్పు కూడా అయిపోయింది.

అయితే సామెతల గ్రంథం పిసినారి గ్రంథం కాదు. బీదలను కనికరించేవాడు యెహోవాకే అప్పిస్తున్నాడు అని చెప్పింది కూడా అదే గ్రంథం, 19:17లో. చేతిలో ఉన్నది ఇవ్వు, తిరిగి రాకపోయినా ఇవ్వు అంటుంది. లేనిదాన్ని, రేపటి సంపాదనను, ఇంట్లోవాళ్ల అన్నాన్ని తాకట్టు పెట్టకు అంటుంది. నాయిన తన జేబులో ఉన్నది మామకు ఇచ్చి ఉంటే అది ఆయన దానం. సంతకంతో పోయింది అక్క ఫీజు, అమ్మ పుస్తెలతాడు. వాళ్లను ఎవరూ అడగలేదు.

మరి బైబిల్‌లో జామీను ఉన్న మంచివాళ్లు లేరా? ఉన్నారు. కరువు కాలంలో తమ్ముడు బెన్యామీను కోసం యూదా తండ్రి ముందు పూటపడ్డాడు. ఆపద వచ్చినప్పుడు ఐగుప్తులో "అతనికి బదులు నన్ను దాసుడిగా ఉంచుకోండి" అని తన శరీరాన్నే అడ్డం పెట్టాడు. ఫిలేమోనుకు రాసిన పత్రికలో పౌలు, పారిపోయిన దాసుడు ఒనేసిము గురించి రాస్తూ, వాడు నీకు ఏమైనా బాకీ ఉంటే నా లెక్కలో వెయ్యి, పౌలు అనే నేను నా చేత్తోనే రాస్తున్నాను, నేనే తీరుస్తాను అంటాడు. ఈ ఇద్దరిలో నేను గమనించింది ఒకటుంది. ఎవరి కోసమో, ఏం పోతుందో వాళ్లకు ముందే తెలుసు. నష్టం ఇంకొకరి మీద పడకుండా, తమ మీదే పడేట్టు నిలబడ్డారు. పౌలు మాట కళ్లు తెరిచి ఇచ్చిన మాట. కాదనలేక ఇచ్చింది కాదు.

నాయిన ఎందుకు సంతకం పెట్టాడని తర్వాత ఎన్నోసార్లు అడిగాను. ప్రేమ అని ఎప్పుడూ చెప్పలేదు. "ఎట్ల కాదంటం బిడ్డా" అన్నాడు ప్రతిసారీ. అది మొహమాటం. మన ఊళ్లలో స్నేహానికి పట్టిన చెద అది అని నేను గట్టిగా నమ్ముతాను. మొహమాటాన్ని మనం విశ్వాసం అనుకుంటాం, నమ్మకం అనుకుంటాం. కాదంటే దోస్తానా పోతుందనే భయానికి ప్రేమ అని పేరు పెట్టుకుంటాం.

బైబిల్ విశ్వాసపాత్రత అని దేన్నంటుందో తెలియాలంటే హెసెద్ అనే హీబ్రూ మాట దగ్గరికి పోవాలి. తెలుగులో ఆ మాట చెదిరిపోయింది. ఒకచోట కృప, ఒకచోట దయ, ఇంకోచోట కనికరం, ఉపకారం అయింది. "ఆయన కృప నిరంతరముండును" అని 136వ కీర్తనలో పదే పదే పాడుకునే కృప హెసెద్. కోడళ్లు రూతు, ఓర్పా తనతో మెలిగిన తీరు గురించి అత్త నయోమి చెప్పిన దయ కూడా హెసెద్. చేసుకున్న ఒడంబడికకు కట్టుబడి, కట్టుబడాల్సిన అవసరం తీరిపోయాక కూడా చూపే ప్రేమ అని దాన్ని విడమరచి చెప్పుకోవచ్చు. జాలి వస్తుంది, పోతుంది. హెసెద్ మాట మీద నిలబడుతుంది.

దానికి పెద్ద ఉదాహరణ యోనాతాను, దావీదు. యోనాతాను సౌలు రాజు కొడుకు, సింహాసనం తనదే. దావీదు ఎదిగితే నష్టపోయే మొదటివాడు తనే. అయినా 1 సమూయేలు 18లో అతనితో నిబంధన చేసుకొని తన దుప్పటి, కత్తి, విల్లు, నడికట్టు తీసి ఇచ్చేశాడు. సర్పంచ్ టికెట్ దగ్గర ముప్పై ఏళ్ల దోస్తానాలు విరిగిపోవడం మన ఊళ్లలో ఎన్ని చూడలేదు? ఇక్కడ పోయేది రాజ్యం. 23వ అధ్యాయంలో దావీదు జీఫు అరణ్యంలో దాక్కుని ఉంటే యోనాతాను వెతుక్కుంటూ వెళ్లి ధైర్యం చెప్పాడు, నువ్వే రాజువవుతావు, నేను నీకు రెండోవాణ్ని అవుతాను అన్నాడు.

ఇందులో తొందరగా దాటేయకూడని చిక్కు ఒకటుంది. యోనాతాను తండ్రిని విడిచిపెట్టలేదు. దావీదు వెంట అడవికి పోలేదు. సౌలు ఇంట్లోనే ఉండి, ముఖం మీదే "అతడు నీకేం ద్రోహం చేశాడు" అని అడిగి, తండ్రి విసిరిన ఈటెను తప్పించుకున్నాడు. చివరికి గిల్బోవ కొండ మీద ఆ తండ్రి చనిపోయిన యుద్ధంలోనే తనూ చనిపోయాడు. అంటే దోస్తు పక్కన నిలబడటానికి ఇంటిని బలిపెట్టలేదు, ఇంటి కోసం దోస్తును అప్పగించలేదు. ఇద్దరికీ నిజం చెప్పి ఆ బరువు తను మోశాడు. నాయిన కథకు పక్కన పెట్టి చూస్తే ఈ భాగం నాకు ఎప్పుడూ బరువుగానే అనిపిస్తుంది.

యోనాతాను పోయాక ఆ మాట ఏమైంది? కొత్త రాజు పాత రాజు వంశాన్ని తుడిచిపెట్టడం ఆనాటి మామూలు పద్ధతి. 2 సమూయేలు 9లో దావీదు అడిగింది వేరు. యోనాతాను కోసం నేను ఉపకారం చూపడానికి సౌలు ఇంట్లో ఎవరైనా మిగిలారా అని అడిగాడు. ఆ ఉపకారం కూడా హెసెదే. లోదెబారు అనే ఊరి నుంచి యోనాతాను కొడుకు మెఫీబోషెతును పిలిపించారు. ఐదేళ్ల వయసులో దాది చేతిలోంచి పడి రెండు కాళ్లూ పోయినవాడు. చంపుతారేమోనని భయపడుతూ వచ్చినవాడికి తాత భూములు తిరిగి ఇచ్చి, రోజూ రాజు బల్ల దగ్గర అన్నం పెట్టారు. దావీదు కూడా తర్వాత తడబడ్డాడు. సీబా అనే పనివాడు చాడీ చెబితే విచారించకుండా ఆ భూములన్నీ వాడికి రాసిచ్చాడు, నిజం తెలిశాక సగమే తిరిగి ఇప్పించాడు. గ్రంథం దాన్ని దాచలేదు. సౌలు చేతిలో నష్టపోయిన గిబియోనీయులు పగ తీర్చుకోవడానికి అతని వంశంలో ఏడుగురిని అడిగినప్పుడు మాత్రం, యోనాతానుకు చేసిన ప్రమాణాన్ని బట్టి మెఫీబోషెతును ఇవ్వలేదు.

హెసెద్ ఒంటరిగా నడవదు. సామెతలు 3:3లో దాని చెయ్యి పట్టుకుని సత్యం ఉంటుంది, "దయను సత్యమును" ఎన్నడూ నిన్ను విడిచిపోనివ్వకు అని. ఇది అర్థమైతే 27:6 మెత్తబడుతుంది. "మేలును కోరి స్నేహితుడు గాయములు చేయును, పగవాడు లెక్కలేని ముద్దులు పెట్టును." ముద్దు గురించి బైబిల్‌కు ఎందుకో అనుమానం ఎక్కువ. రూతు గ్రంథంలో ఓర్పా అత్తను ముద్దు పెట్టుకుని వెళ్లిపోయింది, రూతు హత్తుకుని ఉండిపోయింది. గెత్సేమనే తోటలో యేసును పట్టివ్వడానికి యూదా ఇస్కరియోతు గుర్తుగా ఎంచుకున్నదీ ముద్దే. రూతు దగ్గరున్న ఆ హత్తుకోవడమే, అదే హీబ్రూ ధాతువుతో, సామెతలు 18:24లో వస్తుంది, "సహోదరునికంటెను ఎక్కువగా హత్తియుండు స్నేహితుడు కలడు." ఆదికాండం 2:24లో భర్త భార్యను హత్తుకోవడానికీ అదే మాట. తెలుగు అనువాదకులు మూడు చోట్లా హత్తు అనే మాటనే ఉంచారు, వాళ్లకు నమస్కారం.

యోబు స్నేహితుల గురించి ఒక మాట. యోబు పిల్లల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్నవాడు. ఎలీఫజు, బిల్దదు, జోఫరు దూరం నుంచి వచ్చి, ఏడు పగళ్లు ఏడు రాత్రులు నేల మీద అతని పక్కన కూర్చున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు. అంతవరకు వాళ్లంత మంచి దోస్తులు లేరు. నోరు తెరిచాక చెడిపోయింది. నువ్వేదో పాపం చేసుంటావు, లేకపోతే ఇట్లా ఎందుకవుతుంది అని మొదలుపెట్టారు. 6వ అధ్యాయంలో యోబు వాళ్లను వాగుతో పోలుస్తాడు. చలికాలంలో నిండుగా ఉండి, ఎండలకు ఆవిరైపోయే వాగు. తేమా నుంచి, షేబ నుంచి వచ్చే బాటసారులు దాన్ని నమ్ముకుని వచ్చి సిగ్గుపడతారట. పాలమూరు పిల్లలకు ఈ పోలిక ఎవరూ వివరించక్కర్లేదు. వానాకాలంలో దుందుభి పారడం చూసినవాళ్లే ఎండాకాలంలో దాని ఇసుకలో చెలమ తవ్వుతారు. నీళ్లు అవసరం లేనప్పుడు పారి, అవసరమైనప్పుడు ఎండడం, యోబు బాధంతా అదే.

పాలమూరు అంటే ఇంకో వచనం గుర్తొస్తుంది. "దూరములోనున్న సహోదరునికంటె దగ్గర నున్న పొరుగువాడు వాసి," సామెతలు 27:10. తరాలుగా పాలమూరు కూలీలు బొంబాయి, పుణె, ఇంకా ఎక్కడెక్కడికో వలస పోయారు. ఇంట్లో ముసలివాళ్లు మిగిలారు. అర్ధరాత్రి ఛాతీ నొప్పి వస్తే ఆటో మాట్లాడి జడ్చర్లకో మహబూబ్‌నగర్‌కో తీసుకుపోయేది పక్కింటి పిల్లగాడే. అన్నదమ్ముల ప్రేమ తక్కువని ఆ వచనం అనడం లేదు. ప్రేమకు దగ్గర ఉండటం కూడా కావాలంటుంది.

ఇక యోహాను 15. స్నేహితుల కోసం ప్రాణం పెట్టేవాడి ప్రేమకంటే ఎక్కువ ప్రేమ లేదన్న మాట అందరికీ తెలుసు. దాని తర్వాతి మాట మీద మనం తక్కువ ఆగుతాం. ఇక మిమ్మల్ని దాసులని పిలవను, దాసుడికి తన యజమాని చేసేది తెలియదు, మిమ్మల్ని స్నేహితులని పిలుస్తున్నాను, నా తండ్రి దగ్గర విన్నవన్నీ మీకు తెలియజేశాను అంటాడు యేసు. పాత నిబంధనలో దేవుని స్నేహితుడనే పేరు అబ్రాహాముకు వచ్చింది. మోషేతో దేవుడు స్నేహితుడితో మాట్లాడినట్టు ముఖాముఖి మాట్లాడాడు. ఇక్కడ చేపలు పట్టేవాళ్లకు, పన్ను వసూలు చేసేవాడికి ఇస్తున్నాడు ఆ పేరు.

నల్లగొండలో ఈ మాట చదివితే ఒళ్లు జలదరిస్తుంది. "నీ బాంచన్ దొరా, కాల్మొక్త" అని వెట్టి చేసిన నేల ఇది. బాంచన్ అంటే దాసుడే. 1946 నుంచి 1951 దాకా సాయుధ పోరాటం లేచింది ఆ వెట్టి మీదనే. ఈ జిల్లాల్లో సువార్త విని మొదట బాప్తిస్మం తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ వాడల వాళ్లు. ఊరిలో బాంచన్ అని తప్ప ఇంకో మాట పలకలేని మనిషి, ఆదివారం వాడలో కూర్చుని "ఇక దాసులని పిలవను" అన్న మాట వింటే ఎట్లా ఉండి ఉంటుందో ఆలోచించండి.

యేసు చెప్పిన తేడా ఎక్కడుందో చూడండి. దాసుడికి తెలియదు, స్నేహితుడికి తెలుసు. షావుకారు కాగితం మీద ఏముందో తెలియకుండానే వేలిముద్ర వేసేవాడు బాంచన్. కాదనే హక్కు కూడా అతనికి లేదు. స్నేహితుడికి చదివే హక్కుంది, అడిగే హక్కుంది, కాదనే హక్కుంది, కాదన్నాక కూడా స్నేహితుడిగానే ఉండే హక్కుంది. మా నాయిన, చదువు చెప్పే మనిషి, ఆ రోజు అద్దాలు లేకుండా సంతకం పెట్టినప్పుడు దోస్తులాగా పెట్టలేదు. 17:17, 17:18 నాకు ఇక్కడ కలుస్తాయి. విడువక ప్రేమించాలంటే మనిషి ఇంకా స్వతంత్రుడిగా మిగిలి ఉండాలి. పరుపు పోయినవాడు ఎవరికి పడకేస్తాడు?

మామ తొమ్మిదేళ్ల తర్వాత కనిపించాడు. పక్షవాతంతో నల్లగొండలోనే ఆసుపత్రిలో చేరాడని ఎవరో చెప్పారు. నాయిన ఆ సాయంత్రమే పోయాడు, నన్ను వెంట తీసుకుపోయాడు. మంచం పక్కన స్టూలు మీద చాలాసేపు ఊరికే కూర్చున్నాడు. తర్వాత, "నువ్వు చేసింది తప్పురా. నా బిడ్డ ఒక సంవత్సరం చదువాపింది" అన్నాడు. గొంతు పెంచలేదు. మామ కుడి వైపు నోరు కదలలేదు, ఎడమ కంట్లోంచి నీళ్లు కారాయి. నాయిన తన కండువాతో తుడిచాడు.

మూడో రోజు మామ కొడుకు ఒక ఫారం తెచ్చాడు. ఆసుపత్రి ఖర్చుకు ఫైనాన్స్ తీసుకుంటున్నాడట, ఒక ష్యూరిటీ కావాలట. నాయిన జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. కిటికీ దగ్గరికి పోయి, రెండు పేజీలూ వెనకా ముందూ మొత్తం చదివాడు. మడిచి ఆ పిల్లగాడి చేతిలో పెట్టాడు.

"సంతకం పెట్టను బిడ్డా. ఇగో, ఇవి పది వేలున్నయ్, తిరిగి ఇయ్యక్కర్లేదు. పొద్దున అన్నం మీ అమ్మను వండొద్దను, నేను తెస్త."

పంతొమ్మిది రోజులు తెచ్చాడు. అమ్మ తెల్లవారకముందే లేచి మెత్తగా పప్పన్నం కలిపి స్టీలు క్యారియర్‌లో పెట్టేది. మూత గట్టిగా బిగించి, పాత టవల్ చుట్టి, అమ్మే స్కూటర్ దాకా తెచ్చి ఇచ్చేది.